పెట్టుబడి 15,000 పడింది, ధర 13,000 ఉంది: అమ్మాలా, ఆపాలా?

ప్రశ్న: గుంటూరులో బీఏ మొదటి సంవత్సరం చదువుతున్నాను. అవకాశ వ్యయం, ఉపాంత వ్యయం, డిమాండ్ వ్యాకోచత్వం, వీటి నిర్వచనాలు అడిగితే అప్పజెప్పగలను. ఇంట్లో 50 క్వింటాళ్ల తేజ మిర్చి ఉంది. క్వింటాలుకు 15,000 పెట్టుబడి పడిందని, అంతకు తక్కువకు అమ్మేది లేదని నాన్న అంటున్నారు. మిర్చి యార్డులో 13,000 పలుకుతోంది. నేను చదివినదాంట్లో ఒక్క ముక్క కూడా ఈ చర్చలో అక్కరకు రాలేదు. ఆర్థికశాస్త్రం తెలిసినవాళ్లు ఇలాంటిది ఎలా ఆలోచిస్తారు?

సమాధానం:

మీరు రాసిన మూడు మాటలూ ఇక్కడ పనికొస్తాయి. పుస్తకంలో అవి నిర్వచనాల్లా కనిపిస్తాయి గానీ, వాడేటప్పుడు ఒక్కోటీ ఒక్కో ప్రశ్న. "ఇది చేస్తే ఇంకేం వదులుకుంటున్నాం?" అన్నది అవకాశ వ్యయం. "ఇంకొక్కటి కలిపితే ఏమవుతుంది, ఒక్కటి తగ్గిస్తే ఏమవుతుంది?" అన్నది ఉపాంతం. "ధర మారితే జనం ఎంత కదులుతారు?" అన్నది వ్యాకోచత్వం. మీ 50 క్వింటాళ్ల మీద ఈ ప్రశ్నలు వరుసగా వేసి చూద్దాం. కింద నేను వాడే అద్దె, కూలీ, వడ్డీ అంకెలు ఉదాహరణకు వేసుకున్నవే. వాటి స్థానంలో మీ రసీదుల మీద ఉన్నవి పెట్టుకోండి.

ముందు నాన్నగారి 15,000 సంగతి. అందులో విత్తనం, నారు, ఎరువులు, పురుగుమందులు, కౌలు, కోత కూలీ అన్నీ ఉన్నాయి. ఇవాళ అమ్మినా ఆ డబ్బు ఖర్చయిందే, ఐదు నెలలాగి అమ్మినా ఖర్చయిందే. రెండు దారుల్లోనూ ఒకేలా ఉండే అంకె ఆ రెండిట్లో ఏది మంచిదో చెప్పలేదు. దీన్ని మునిగిన ఖర్చు అంటారు. నమ్మకం కుదరకపోతే ఇలా చూడండి. పక్క పొలం రైతుకు దిగుబడి బాగా వచ్చి క్వింటాలుకు 9,000 మాత్రమే పడింది. సరుకు అదే, రంగు అదే, ధర అదే, అప్పు మీద వడ్డీ కూడా ఒకటే. ఇవాళ ఆయన అమ్మడం తెలివైన పని, మీరు ఆపడం తెలివైన పని అనడానికి కారణం ఏదైనా కనిపిస్తోందా? టిక్కీ (మిర్చి బస్తా) విప్పి గుప్పెడు కాయ చేతిలోకి తీసుకునే వ్యాపారి రంగు చూస్తాడు, తేమ చూస్తాడు, తాలు (రంగు పోయిన నాసి కాయ) ఎంత కలిసిందో చూస్తాడు. ఎవరికి ఎంత పడిందని అడగడు. "లాభం వచ్చింది కదా, అమ్మేద్దాం" అని ఆ పక్క రైతు అనుకుంటే ఆయనది కూడా మీ నాన్నగారి లెక్కే, దిశ మాత్రం వేరు.

అయితే ఈ మాట నాన్నగారితో అనేటప్పుడు కాస్త జాగ్రత్త. పెట్టుబడి కంటే తక్కువకు అమ్మడం అంటే నష్టం ఖాయం చేసుకోవడం. అంతే మొత్తం లాభం ఇచ్చే సంతోషం కంటే నష్టం పెట్టే బాధ ఎక్కువ. మనిషి మనసు ఇలా పనిచేస్తుందని 1979లో కానమన్, ట్వెర్‌స్కీ అనే మనస్తత్వ శాస్త్రవేత్తలు ప్రయోగాలతో చూపించారు. నాన్నగారి పట్టుదలలో మూర్ఖత్వం లేదు, ఏడాది కష్టం ఉంది. ఆ 15,000కు కూడా ఒక సరైన చోటు ఉంది, చివర్లో వస్తాను.

ఇప్పుడు అసలు లెక్క. 13,000కు అమ్మకుండా కోల్డ్ స్టోరేజీలో ఐదు నెలలు పెడితే, ఎంత ధర వస్తే గిట్టుతుంది? టిక్కీ 40 కిలోలనుకుంటే క్వింటాలుకు రెండున్నర టిక్కీలు. టిక్కీకి అద్దె 200 వేస్తే క్వింటాలుకు 500. హమాలీ, బండి కిరాయి 100. ఇంతవరకు అందరూ లెక్క వేస్తారు. తప్పేది తర్వాతి రెండు చోట్ల. ఒకటి తూకం తరుగు: నూటికి రెండు కిలోలు పోయిందనుకుందాం. రెండోది వడ్డీ. మీ ఇంట్లో నెలకు నూటికి రెండు రూపాయల వడ్డీకి తెచ్చిన అప్పు ఉంటే, ఇవాళ అమ్మి అది తీర్చగలిగే 13,000ను ఐదు నెలలు ఆపడానికి అయ్యే ఖర్చు 1,300. చేతి నుంచి పైకం కదలదు కాబట్టి ఇది ఖర్చులా కనిపించదు. కానీ ఈ లెక్కలో అద్దె కంటే రెండున్నర రెట్లు పెద్దది ఇదే.

13,000, 500, 100, 1,300 కలిపితే 14,900. నూటికి 98 కిలోలే మిగులుతాయి కాబట్టి 0.98తో భాగించండి: సుమారు 15,200. ఐదు నెలల తర్వాత ధర 15,200 దాటితేనే ఆపినందుకు ఒక్క రూపాయి మిగులుతుంది. ధర 15,000 అయిన రోజున నాన్నగారు "చూశావా, పెట్టుబడి వచ్చింది" అంటారు. ఆ రోజున నిజానికి ఇవాళ అమ్మినదానికంటే మీకు తక్కువే వచ్చినట్టు.

అప్పు లేని ఇంట్లో ఇదే లెక్క వేయండి. అమ్మితే ఆ డబ్బు బ్యాంకులో ఏడు శాతం వార్షిక వడ్డీకి ఉంటుందనుకుంటే, ఐదు నెలలకు వదులుకునేది 379 మాత్రమే. గిట్టుబాటు ధర సుమారు 14,260కి దిగుతుంది. ఒకే ఊరు, ఒకే సరుకు, ఒకే రోజు. ఒకరికి ఆపడం న్యాయం, ఒకరికి అమ్మడం న్యాయం. అవకాశ వ్యయం మనిషిని బట్టి మారుతుందంటే అర్థం ఇదే. పరీక్షలో "వదులుకున్న ప్రత్యామ్నాయాల్లో అత్యుత్తమమైనదాని విలువ" అని రాస్తారు కదా, ఆ "అత్యుత్తమమైనది" అన్న ముక్కే కీలకం. రెండు రూపాయల వడ్డీ అప్పున్నవాడికి అత్యుత్తమ ప్రత్యామ్నాయం ఆ అప్పు తీర్చడం. లేనివాడికి అది బ్యాంకు డిపాజిట్టు.

బ్యాంకు పంట రుణం ఉంటే ఇంకో మెలిక ఉంది. కిసాన్ క్రెడిట్ కార్డు మీద ఒక హద్దు దాకా వడ్డీ ఏడు శాతం. గడువులోగా కడితే మూడు శాతం రాయితీ వచ్చి నాలుగే పడుతుంది. సరుకు ఆపుకుంటూ ఆ గడువు దాటించేస్తే రాయితీ పోతుంది. అది కూడా ఆపినందుకు అయిన ఖర్చే. స్టోరేజీలో పెట్టే తేదీ కంటే ముందు ఆ గడువు తేదీ చూడండి.

ఇప్పుడు మీ ప్రశ్ననే కాస్త మార్చాలి. "అమ్మాలా, ఆపాలా" అని అడిగారు. ఆర్థికశాస్త్రం చదివినవాడికి ముందు తోచేది "ఎన్ని అమ్మాలి?" అన్న ప్రశ్న. 50 క్వింటాళ్లూ ఒకే మూట కానక్కర్లేదు. మీకు రెండు రూపాయల వడ్డీ అప్పు 2,60,000 ఉందనుకోండి. 20 క్వింటాళ్లు 13,000 చొప్పున అమ్మితే అది తీరిపోతుంది. మిగిలిన 30 క్వింటాళ్లకు గిట్టుబాటు ధర 15,200 నుంచి 14,260కి పడిపోయింది. మొదటి 20 క్వింటాళ్లు ఆపడం ఖరీదైన పని, తర్వాతి 30 ఆపడం చవకైన పని. సరుకు ఒకటే అయినా ఒక్కో క్వింటాలుకు లెక్క వేరు. ఉపాంతం అనే మాటకు ఇంతకంటే దగ్గరి ఉదాహరణ నాకు తోచదు. కమీషన్ ఏజెంటు దగ్గరే అప్పు తెచ్చి, సరుకు ఆయన ద్వారానే అమ్మాలన్న ఒప్పందం ఉంటే మాత్రం ఇంకొకటి చూసుకోవాలి. బయట వచ్చే ధరకూ అక్కడ చేతికొచ్చే ధరకూ తేడా ఉంటే, ఆ తేడా కూడా ఆ అప్పు మీద వడ్డీ కిందే లెక్క.

ఒకసారి స్టోరేజీలో పెట్టేశాక లెక్క మళ్లీ మారుతుంది, ఇక్కడ చాలామంది పొరపడతారు. అద్దె సీజన్ మొత్తానికి ఒకేసారి అయితే, మొదటి నెల తీసినా ఐదో నెల తీసినా అదే 500. అప్పటికి ఆ అద్దె కూడా పెట్టుబడిలాగే మునిగిన ఖర్చు. జూలైలో కూర్చుని "ఇంకో నెల ఆగుదామా" అనుకునేటప్పుడు లెక్కలోకి రావలసింది ఆ ఒక్క నెల వడ్డీ, ఆ ఒక్క నెల తరుగు, ఆ నెలలో ధర కదిలే అవకాశం. "ఇంత అద్దె కట్టాం, ఇప్పుడే తీస్తే ఎలా" అన్న మాట పాత 15,000 మాటకు తమ్ముడు.

ఉపాంత లెక్క పొలంలో చివరి కోత దగ్గర ఇంకా కళ్లకు కట్టినట్టు కనిపిస్తుంది. ఒక కూలీకి ఆటో ఖర్చుతో కలిపి రోజుకు 400 అనుకోండి. కాపు మీద ఉన్నప్పుడు మనిషి రోజుకు 30 కిలోల పచ్చికాయ కోస్తే, నాలుగు కిలోలకు కిలో ఎండు లెక్కన ఏడున్నర కిలోలు. క్వింటాలు ఎండు కాయకు కోత ఖర్చు సుమారు 5,300. చివర్లో కాయ పలచబడి రోజుకు 12 కిలోలే దొరికితే మూడు కిలోల ఎండు. క్వింటాలుకు 13,300 పైనే. ఆ చివరి కాయలో తాలు ఎక్కువ, 9,000 కూడా పలకకపోవచ్చు. అప్పుడు ఆ కాయ చెట్టు మీదే వదిలేయడం సరైన పని. మొత్తం పంట మీద కోత ఖర్చు సగటున 6,500 పడిందన్నది నిజమే కావచ్చు. కానీ ఆ సగటు చూసి చివరి కోత కోయిస్తే ప్రతి క్వింటాలుకు నాలుగు వేలు నేలపాలు. మరో సంగతి: పంట దెబ్బతిని మొత్తం మీద నష్టంలో ఉన్నా, మధ్య కోతలు కోయించడమే మేలు. కోత కూలీ పోను మిగిలేది ఎంతైనా సున్నా కంటే ఎక్కువే కదా.

ఇక ధర. "ఆగస్టుకి 18,000 అవుతుందని అందరూ అంటున్నారు" అన్న మాట మీ ఇంట్లో వినబడే ఉంటుంది. దీన్ని ఇలా పరీక్షించండి. అది నిజంగా అందరికీ తెలిసిన సంగతే అయితే, పెద్ద వ్యాపారులకు కూడా తెలుసు. ఏడాదికి పది శాతం వడ్డీకి డబ్బు దొరికే వ్యాపారి అదే అద్దె, అదే హమాలీ, అదే తరుగు వేసుకున్నా ఇవాళ 16,300 దాకా పెట్టి కొనుక్కోవచ్చు. అలా కొనడానికి నలుగురు పోటీ పడితే ఇవాళే ధర అక్కడికి వెళ్లాలి. కానీ ఇవాళ 13,000 దగ్గరే ఉంది. అంటే డబ్బు పెట్టే వాళ్లకు 18,000 మీద ఆ నమ్మకం లేదు. యార్డులో పలికే ధరలో అప్పటికి తెలిసిన వార్త చాలావరకు కలిసిపోయి ఉంటుంది. చైనా కొనుగోళ్లు, కర్ణాటక పంట, స్టోరేజీల్లో ఉన్న నిల్వ, ఇవన్నీ ముందే లెక్కలో పడ్డవే. అందుకని ధర పెరగదని కాదు. పెరగడానికైనా తగ్గడానికైనా ఇంకా ఎవరికీ తెలియని కారణం కావాలి. దాన్ని ముందే పట్టుకోగలమనుకోవడమే ప్రమాదం. మీ దగ్గర నిజంగా ఇతరులకు లేని సమాచారం ఉంటే అది వేరే మాట. "అందరూ అంటున్నారు" అన్నది అలాంటి సమాచారం కాదు.

అందుకే విడతలుగా అమ్మమంటారు. మూడు విడతల్లో అమ్మితే సగటు ధర పెరుగుతుందని కొందరు చెబుతారు, దానికి ఆధారం లేదు. తగ్గేది ధర ఊగిసలాట వల్ల వచ్చే ముప్పు. పిల్లల ఫీజు, కొత్త పంట పెట్టుబడి ఈ సరుకు మీదే ఆధారపడి ఉంటే ఆ ముప్పు తగ్గడానికి విలువ ఉంది. ఆపడానికి ఒక చివరి హద్దు కూడా పెట్టుకోండి. జనవరి, ఫిబ్రవరుల్లో కొత్త కాయ యార్డులోకి దిగితే పాత ఏసీ (కోల్డ్ స్టోరేజీ) సరుకు దానితో పోటీ పడాలి.

ఖమ్మంలోనో వరంగల్ ఎనుమాముల మార్కెట్లోనో ఎక్కువ పలుకుతోందన్న వార్తనూ ఇదే పద్ధతిలో చూడాలి. తేడా లారీ కిరాయి, హమాలీ కంటే ఎక్కువుంటే సరుకు అటు కదులుతుంది, కదిలే కొద్దీ తేడా తగ్గుతుంది. 1997 నుంచి 2001 వరకు కేరళ తీరానికి సెల్‌ఫోన్లు వచ్చినప్పుడు సరిగ్గా ఇదే జరిగింది. పడవల్లోంచే ధర కనుక్కుని ఏ రేవుకు వెళ్లాలో మత్స్యకారులు నిర్ణయించుకోవడంతో, పక్కపక్క మార్కెట్ల మధ్య చేపల ధరల తేడా బాగా తగ్గిందని ఆర్థికవేత్త రాబర్ట్ జెన్సెన్ 2007లో చూపించారు. ఇప్పుడు ధర అందరి ఫోన్లలోనూ ఉంది. తేడా చాలా ఎక్కువగా కనిపిస్తే ముందు రకం, తేమ ఒకటేనా అని అడగండి.

వ్యాకోచత్వం దగ్గరికి వద్దాం. పంట బాగా పండిన ఏడే రైతు ఎందుకు మునుగుతాడన్న ప్రశ్నకు జవాబు ఇందులో ఉంది. మిర్చి ధర సగానికి పడిందని ఎవరూ ఆవకాయలో రెట్టింపు కారం వేయరు. రెట్టింపయిందని ఆవకాయ మానేయరు. ధర ఒక శాతం తగ్గితే వాడకం 0.4 శాతమే పెరుగుతుందనుకుందాం. అప్పుడు పది శాతం అదనంగా వచ్చిన సరుకు అమ్ముడుపోవాలంటే ధర సుమారు 25 శాతం పడాలి. 110 శాతం సరుకు, 75 శాతం ధర: రైతులందరి రాబడి కలిపి 82.5 శాతానికి దిగింది. ఇంగ్లండులో పదిహేడో శతాబ్దంలోనే గ్రెగరీ కింగ్ పేరు మీద ధాన్యం గురించి ఇలాంటి గమనింపే ఉంది, అక్కడ తలకిందులుగా: పంట కొద్దిగా తగ్గితే ధర దానికి మించి పెరుగుతుందని.

ఇక్కడ విద్యార్థులు ఎక్కువగా జారిపడే చోటు ఒకటి ఉంది. "అయితే తక్కువ పండిస్తే ఎక్కువ వస్తుంది కదా" అంటారు. అందరూ కలిసి తగ్గిస్తే వస్తుంది. మీరొక్కరు తగ్గిస్తే రాదు. సీజన్‌లో రోజుకు లక్షకు పైగా టిక్కీలు దిగే యార్డులో మీ 125 టిక్కీలు ఉన్నా లేకపోయినా ధర కదలదు. మొత్తం మార్కెట్‌కు డిమాండ్ అవ్యాకోచం (ధర మారినా వాడకం పెద్దగా కదలదు), మీ ఒక్కరికి దాదాపు పరిపూర్ణ వ్యాకోచం (యార్డు ధరకు మీ సరుకంతా పోతుంది, అంతకు మించి అడిగితే ఏమీ పోదు). రెండూ ఒకేసారి నిజం. ఒక్కరికి మంచిదైనది అందరూ చేస్తే మంచిది కాకపోవచ్చు. ఆర్థికశాస్త్రంలో సగం గందరగోళం ఈ రెండిటినీ కలిపేయడం వల్లే వస్తుంది.

బేరంలో ఎవరిది పైచేయి అన్నది కూడా వ్యాకోచత్వమే చెబుతుంది. ఏదైనా రుసుము కొనేవాడి మీద వేసినా, అమ్మేవాడి మీద వేసినా, చివరికి భారం ఎక్కువగా పడేది వెనక్కి తగ్గలేనివాడి మీద. సరుకు యార్డులో దించేశాక తిరిగి తీసుకెళ్లడానికి కిరాయి ఉంది, పైన ఎండో వానో ఉంది. ఆ క్షణంలో మీరు వెనక్కి తగ్గలేరు. స్టోరేజీలో చోటు ముందే మాట్లాడి పెట్టుకున్న రైతు తగ్గగలడు. ఆ చోటు వాడకపోయినా దానికి విలువ ఉంది. కాబట్టి టిక్కీలు కట్టించకముందే స్టోరేజీతో మాట్లాడండి. మేలో యార్డుకు వేసవి సెలవులు ఇవ్వడం మామూలే, ఆ తేదీలు కూడా ముందే కనుక్కోండి. కాయలో తేమ మాత్రం పూర్తిగా దిగాలి. పచ్చి మీద కట్టిన టిక్కీకి లోపల బూజు పడితే పై లెక్కలన్నీ వృథా.

ధరలు ఏళ్ల తరబడి ఎగిసి పడటానికి కారణం కూడా ఇక్కడే ఉంది. ఈ ఏడాది ధర చూసి వచ్చే ఏడాది ఎన్ని ఎకరాలు వేయాలో నిర్ణయిస్తాం. ఆ సరుకు వచ్చేసరికి ఆ ధర ఉండదు. ధర ఎక్కువ, విస్తీర్ణం ఎక్కువ, ధర తక్కువ, విస్తీర్ణం తక్కువ. గ్రాఫు గీస్తే సాలెగూడులా వస్తుందని 1934లో కాల్డోర్ అనే ఆర్థికవేత్త దీనికి ఆ పేరు పెట్టాడు. 2021–22లో నల్ల తామర పురుగు మిర్చి తోటలను తినేసింది, తర్వాత ధరలు ఎగిశాయి. 2025 ఫిబ్రవరి వచ్చేసరికి ధర ఎంత పడిందంటే, కనీస మద్దతు ధర జాబితాలో లేని మిర్చికి కేంద్రం మార్కెట్ జోక్యం పథకం కింద క్వింటాలుకు 11,781 రూపాయలు ప్రకటించాల్సి వచ్చింది, అదీ 2,54,000 టన్నుల వరకు. ఇలాంటి పథకం గురించి చదివినప్పుడు "మంచిదా, చెడ్డదా" అని మొదలుపెట్టకండి. ప్రభుత్వం సరుకు కొంటుందా, ధరలో తేడా మాత్రం చెల్లిస్తుందా అని చూడండి. కొంటే ఆ సరుకు ఎక్కడ నిల్వ ఉంటుంది, ఎప్పుడు బయటికి వస్తుంది? తేడా చెల్లిస్తే, అది తెలిసిన వ్యాపారి తన ధర ఎక్కడ చెబుతాడు? వచ్చే ఏడాది ఎన్ని ఎకరాలు పెరుగుతాయి? కౌలు రైతు పేరు నమోదులో ఉందా? సాయం చేయాలా వద్దా అన్నది విలువల ప్రశ్న, అది మీరూ నేనూ పౌరులుగా తేల్చుకోవాలి. సాయం ఎవరి చేతికి చేరుతుందన్నది లెక్క ప్రశ్న. ఈ రెండూ విడదీసి మాట్లాడగలగడం ఈ శాస్త్రం నేర్పే మంచి అలవాటు.

చివరగా ఆ 15,000. జూలై, ఆగస్టుల్లో నారు పోసే ముందు మళ్లీ కూర్చోండి. అప్పటికి వచ్చే ఏడాది పెట్టుబడి ఇంకా మునగలేదు, చేతిలోనే ఉంది. నాన్నగారి అంకె అప్పుడు పూర్తిగా లెక్కలోకి వస్తుంది. సొంత పొలమైతే దానికి కౌలు ఎంత వచ్చేదో అదీ కలపండి. ఇంట్లోవాళ్ల కూలీ కలపండి. విజయవాడ బీసెంట్ రోడ్డులో సొంత కొట్టున్నవాళ్లు అద్దె కట్టడం లేదు కాబట్టి లాభమే అనుకోవడం ఎంత తప్పో, సొంత చేనుకు కౌలు లేదనుకోవడమూ అంతే తప్పు. అదే ఎకరంలో మొక్కజొన్నో పత్తో వేస్తే మిగిలేది పక్కన రాయండి. ఇవాళ్టి మిర్చి ధరతో గుణించకండి. 10,000 వస్తే ఎంత, 14,000 వస్తే ఎంత, 18,000 వస్తే ఎంత అని మూడు వరుసలు వేయండి. 10,000 వరుసలో వచ్చే నష్టాన్ని ఇల్లు తట్టుకోగలదా అన్నదాన్ని బట్టి ఎన్ని ఎకరాలో తేల్చండి. ఆ కాగితం మీద మొదటి వరుసలో నాన్నగారి చేత్తోనే 15,000 అని రాయించండి.